రాతి ఏనుగులకు ఎదురు నడిచిన ప్రదక్షిణ

నలభై ఒక్క డైరీలు నింపిన మనిషి ఒకే ఒక్క శుక్రవారం మధ్యాహ్నం, పద్దెనిమిది మంది ముందు, తాను తీసిన ఫొటోల సాక్షిగా ఎలా మట్టి కరిచాడో చెబుతాను. ఆ మనిషి నేనే కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

అప్పటికి నాకు అరవై ఒకటి, అంటే ఇంకా బుద్ధి రాని వయసు. దోహాలో ఓ కంపెనీ డ్రాయింగులు భద్రపరిచే ఉద్యోగం నుంచి రిటైరై, మా ఆవిడ కామాక్షితో కంబోడియా వెళ్ళి అంగ్‌కోర్ వాట్ చూసొచ్చాను. ఈద్ సెలవులకు మా మిత్రులూ అక్కడికే బయల్దేరుతున్నారు. ఏర్పాట్లు చూస్తున్న కరీంనగర్ జహంగీర్ భాయ్, "ముందు ఫొటోలు చూపించి చెప్పండి సార్. బాగుంటే మీరే మా లీడర్," అన్నాడు. ఆ పదవి మీద నాకెంత ఆశంటే, ఎత్తి పట్టుకోవడానికి ఓ చిన్న జెండా కూడా కుట్టించుకున్నాను.

దోహాలోనే ఉమ్ ఘువైలినా పేటలో ఉన్న మా ఇంటి హాల్లో అందరూ కిక్కిరిసి కూర్చున్నారు. గోడ మీద తొలి ఫొటో వేసి నేను గొంతు సవరించుకున్నాను.

"గుడిది పడమటి ముఖం. చుట్టూ కందకం. లోపల ఒకదానిపై ఒకటి మూడంచెల మంటపాలు, నడుమ ఐదు శిఖరాలు. కింది మంటపం గోడల నిండా చెక్కిన కథలు. నేను గైడును పెట్టుకోలేదు. గుడి చుట్టూ తిరగడం నాకొకరు నేర్పాలా? గర్భగుడి కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణగా నడిచాను. అడుగుకో ఫొటో, ఫొటోకో నంబరు."

లంక యుద్ధం, పాలసముద్రం సాఫీగా దాటాం. తర్వాత నరకం వచ్చింది. పాపుల్ని చితకబాదుతున్నారు. ఆ తర్వాతి ఫొటోలో యముడి విచారణ.

టైల్స్ ఫోర్‌మన్ లచ్చన్న, నిర్మల్ మనిషి, చెయ్యెత్తాడు. "సార్, తన్నుడైనంక కేసు నడుపుతున్రా?"

"పూర్వకాలపు పద్ధతులు వేరు లచ్చన్నా," అన్నాను గంభీరంగా.

"మా పాత లేబర్ క్యాంప్ బాస్‌ది గూడ గిదే పద్ధతి."

నవ్వులు ఆగేదాకా నీళ్ళు తాగి, "ఇప్పుడు ఈ గుడి కట్టించిన రాజుగారి సైన్యంతో పాటు మనమూ నడుద్దాం," అన్నాను.

నాలుగు ఫొటోలు కదిలాయో లేదో, లచ్చన్న లేచి గోడ దగ్గరికే వచ్చేశాడు. "ఏనుగులన్నీ కుడి దిక్కు పోతున్నయి సార్. మీరేమో ఎడమ దిక్కు పోతున్నరు. సైన్యం మీకు ఎదురొస్తున్నది."

వంటింట్లోంచి కామాక్షి అందుకుంది. "రాతి సైన్యమేనా? ఆ రోజు జనమంతా మాకు ఎదురే వచ్చారు. మనమే తప్పు తిరుగుతున్నామేమోనండీ అంటే, పాపం వీళ్ళకి ప్రదక్షిణ తెలీదన్నారు ఈయన."

జహంగీర్ భాయ్ ఫోన్లో వెతికి నెమ్మదిగా తలెత్తాడు. "సార్, అక్కడి కథలు ఉల్టా దిక్కుకే చెక్కిన్రంట. ఎడమచెయ్యి గుడి దిక్కు ఉండాలంట."

డైరీ తెరిచాను. 'ఇక్కడి యాత్రికులకు క్రమశిక్షణ లేదు' అని నా చేతిరాతే. కింద రెండు గీతలు కూడా.

"అయితే నేను లీడర్ని కానట్టేనా?" అన్నాను.

"ఎందుకు కారు సార్? మీరు అందరికంటె ఆఖర్న నడవండి. మీ ఉల్టా డైరీ లెక్కన మీరే ముందున్నట్టు," అన్నాడు జహంగీర్ భాయ్.

ఈద్ సెలవుల్లో అంగ్‌కోర్ వాట్‌లో అలాగే నడిచాను కూడా, పద్దెనిమిది వీపులు చూసుకుంటూ. అందుచేత ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ గుడిలోనైనా ఏనుగుల తొండాలు ఎటున్నాయో చూశాకే అడుగు వేస్తాను. లోకమంతా ఎదురొస్తుంటే, లోకాన్ని తిట్టేముందు కామాక్షి మాట ఒక్కసారి వింటాను. దీనికి సాక్షి సంతకం ఆవిడదే. ముందు సంతకం చేసి, తర్వాత చదివింది.