అన్న జీపీఎస్ కోసం కొన్న సోల్డరింగ్ ఐరన్

మా అన్నది చేపల పడవ. దాని జీపీఎస్ పెట్టె ఆగిపోయిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. సముద్రం అడుగున చేపలు చేరే రాళ్లగుట్టలను మేం పార్లు అంటాం. నాన్న బతికుండగా వెతికి పట్టుకున్న పార్ల గుర్తులన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

మూత విప్పి చూశాను. ఉప్పుగాలికి చిలుము పట్టి కరెంటు తీగ అతుకు ఊడిపోయింది. అతకడం పెద్ద పనేం కాదు. కానీ పక్కనే చిప్పులున్నాయి. వేడి ఎక్కువైతే బోర్డు మీది రాగి గీత లేచిపోతుంది. పెట్టె పాడైతే నాన్న పార్లు కూడా పోతాయి.

ఈ సంగతి నాకు నేర్పింది టెక్కలి లైబ్రరీ. పదో తరగతితో చదువు ఆపి బట్టల కొట్లో పనిచేసిన రోజుల్లో, బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చునేదాన్ని. ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు రెండే ఉండేవి. రెండూ అట్టలు ఊడేదాకా చదివాను.

కాశీబుగ్గలో కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్లి, కొట్టాయన్ని సోల్డరింగ్ ఐరన్ అడిగాను.

"ఇది పట్టుకెళ్లమ్మా. అరవై వాట్లు. ఇలా పెడితే అలా కరిగిపోద్ది."

"బోర్డుకి బాబూ. వేడి తగ్గించుకునేది కావాలి. మూడు పిన్నుల ప్లగ్గు, మొన బిట్టు మార్సుకునేలాగుండాలి."

"ఏటమ్మా, ఇంజనీరువా?"

"కాదు. లైబ్రరీ కార్డుంది."

ఆయన పగలబడి నవ్వాడు. అయినా నేనడిగిన రకం తీసి, రెండూ ప్లగ్గులో పెట్టాడు. వేడెక్కాక మొనలకు సోల్డరింగ్ తీగ ఆనించాను. అరవై వాట్ల దాని మీద తీగ కరిగి గోళీలా జారిపడింది. రెండోదాని మొనకు పలచగా అంటుకుని వంజరం చేప పొట్టలా తళతళలాడింది. పుస్తకంలో రాసింది అచ్చంగా అదే. కొట్టాయన ముందు నా తల రెండంగుళాలు పైకి లేచింది.

ఆ రెండోదే కొని తెచ్చి ఇంట్లో వేడిచేస్తుంటే అన్న గరుకు కాగితం తెచ్చాడు. సముద్రం మీది ఇనుప సామాను ఏదైనా మా ఇళ్లల్లో ముందు రుద్దాల్సిందే.

"ఒలే, మొన నల్లబడింది. గేలాల్లాగ రుద్దేత్తానుండు."

"వొగ్గేయ్ అన్నియ్యా! రుద్దితే పైపూత పోద్ది. తడి స్పాంజితో తుడిస్తే సాలు."

"ఇన్నేళ్లు సముద్రం మీద తిరిగినోడికి సెప్తన్నావేటి?"

"సముద్రం గురించి సెప్పట్నేదు. దీని గురించి సెప్తన్నాను."

కరెంటు తీగ మీది చిలుము గీకి, మొన ఆనించి అతికి, వెంటనే తీసేశాను. స్విచ్ వేయగానే తెర వెలిగింది. దాని మీద పార్ల గుర్తులు ఒక్కొక్కటే వచ్చాయి. అన్న వాటిని వేలితో తడుముతూ, "నాన్నవన్నీ ఉన్నాయే," అన్నాడు. ఆ తెల్లారే వేటకు వెళ్లాడు.

తర్వాత పక్క పడవ మావ పాడైన తన వైర్‌లెస్ సెట్టు పట్టుకుని వచ్చాడు. వెంట తీసుకొచ్చింది అన్నే. మావ చేయి ఐరన్ మీదికి పోబోతే అన్న ఆపాడు.

"మా సెల్లి సూత్తాది గానీ, నువ్వు మొన ముట్టుకోకు మావా. రుద్దితే పైపూత పోద్ది."