చతురంగంలో రాజు లేడు

నా చిన్నప్పుడు బెంగాల్లో, వాట్‌గంజ్‌లో మా వీధి వీధంతా ఓడరేవు పనివాళ్లే. మా తాతయ్య అప్పటికి పని మానేశాడు. ఆదివారం వస్తే అరుగు మీద చదరంగం పరిచేవాడు. ఆయనతో ఆడడానికి గోడౌను మేనేజరు బాబు వచ్చేవాడు. ఆ గోడౌనులోనే మా నాన్న క్రేను కింద నిలబడి సైగలు చేసే పనిలో ఉండేవాడు. అంతటి బాబు మా గుమ్మం ముందు కూర్చుంటున్నాడని తాతయ్యకి ఎంత మిడిసిపాటో!

మూలగడిలో పావుని మేం ఏనుగంటే, బెంగాలీవాళ్ల అలవాటు కొద్దీ బాబు నౌక అనేవాడు. పేర్ల దగ్గర ఇద్దరికీ ఎప్పుడూ కీచులాటే. ఒకరోజు బాబు, ఈ ఆటకి ఇంగ్లీషు పేరు పర్షియావాళ్ల 'షా' నుంచి పుట్టిందనీ, షా అంటే రాజనీ, ఇది రాజు పేరు మీది ఆటనీ చెప్పాడు. తాతయ్య ఊరుకుంటాడా? మాది చతురంగం, నాలుగు అంగాల సైన్యం, ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, ఆ పేరులో రాజు ఊసే లేదు పొమ్మన్నాడు. పదేళ్లదాన్ని, మురిసిపోయాను.

ఆ నెలలోనే క్రేను తాడు తెగి బస్తాలు పడి ఒక కూలీకి కాలు విరిగింది. తాడు నలిగిపోయిందని నాన్న ముందే రెండుసార్లు బాబుకి చెప్పి ఉన్నాడు. ఆ ఆదివారం బాబు ఆటకి కాదు, కాగితం పట్టుకుని వచ్చాడు. తప్పు సైగ తనే చేశానని నాన్న ఒప్పుకుంటే చాలట, ఉద్యోగానికి బాబు పూచీయట. నాన్న కలం ముట్టుకోలేదు. తాతయ్యే పక్కన కూర్చుని బతిమాలాడు.

"సంతకం ఎట్టీరా నాయనా. మన అరుగు మీద కూకున్నోడు మనకి అన్నేయం సేత్తాడేటి?"

తండ్రి మాట తీసెయ్యలేక నాన్న పెట్టాడు. వారం తిరక్కుండా పనిలోంచి పీకేశారు. బాబు మళ్లీ మా వీధి మొహం చూడలేదు. నాన్న ఆ తర్వాత బతికినన్నాళ్లూ బస్తాలే మోశాడు, తాతయ్యని పల్లెత్తు మాట అనలేదు. నేను మాత్రం తాతయ్యని అడిగాను. అంతా తెలిసినవాడివి, ఎందుకలా చేశావని నిలదీశాను.

"ఆట పేరుకి అర్దం తెల్సు పాపా. కానీ పెద్దోడొచ్చి పక్కన కూకుంటే నా బుర్ర వంగిపోయింది" అన్నాడు.

ఆయన మీద జాలిపడాల్సింది. పడలేదు. ఆ కోపం ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఎంత పెద్ద మనిషైనా కాగితంతో మా ఇంటికి వస్తే కుర్చీ చూపించను, గుమ్మంలో నిలబెట్టే మాట్లాడతాను. పొగరుమోతు ముసలమ్మంటారు. అననీ.