గీత తాకిన బాణం

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, లెక్కల ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి భద్రాచలంలో ఉంటున్న నాకు, అక్కడి గిరిజన బాలికల హాస్టల్‌లో విలువిద్య పోటీలు జరిగినప్పుడల్లా పాయింట్లు వేసే పని అప్పగించేవారు. మనుషుల మాటల కంటే అంకెలను నమ్మేవాణ్ణని ఊళ్లో పేరు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

రాష్ట్ర జట్టుకు ఎంపిక జరగడానికి కొద్దిరోజుల ముందు, హాస్టల్ కోచ్ ఒక సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. గోల్ఫ్ ఆట మీద తీసిన ఇంగ్లీషు సినిమా. పిల్లలకు చూపించదగినదో కాదో చూసి చెప్పమన్నాడు. గురువు ఎట్లా ఉండాలో, మనిషి తనను తాను ఎట్లా తెలుసుకుంటాడో అందులో ఉందని, తాను మూడుసార్లు చూశానని అన్నాడు.

చూశాను. ఆట వదిలేసి తిరుగుతున్న ఒక యువకుడు, పూర్వం ఆడి మానుకున్న ఒక ముసలావిడ దగ్గరికి చేరతాడు. ఆవిడ అతనికి ఆట నేర్పదు. పచ్చిక మీద నడిపిస్తుంది, లెక్క మరిచిపొమ్మంటుంది. కథ ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పరు, బంతి పడాల్సిన గుంట ఎంత దూరంలో ఉందో చెప్పరు. ఇంతవరకు సహించాను. చివరి పోటీలో ఇసుకగుంటలో పడ్డ బంతిని కొట్టబోతూ అతని కర్ర ముందుగా ఇసుకను తాకుతుంది. అది ఆ ఆటలో తప్పట. ఎవరూ చూడలేదు. అతనే వెళ్లి చెప్పి, ఓడిపోతాడు. ముసలావిడ నవ్వుతుంది.

నేను సీడీ తిరిగి ఇచ్చి, ఇది చూపించవద్దన్నాను. గెలుపు చేతికందిన మనిషి, చూసినవాడే లేని తప్పును తానై చెప్పుకోవడం నమ్మశక్యం కాదని, నమ్మశక్యం కానిది పిల్లలకు పాఠం కాజాలదని వివరించాను. కోచ్ నొచ్చుకున్నాడు. "మీకు సున్నాకు సున్నా సరిపోవాలె సార్. మనిషి లోపల ఏమున్నదో ఏ స్కేలుతోటి కొలుస్తరు?" అన్నాడు. శనివారం సాయంత్రం హాస్టల్ టీవీలో ఆ సినిమా వేశాడు. పిల్లలు గుసగుసలతో, ఆవలింతలతో చూశారు. అంత పచ్చిక భూమి ఖాళీగా పెట్టుకున్నారేమని, అందులో పత్తి ఎందుకు వేయరని ఒక పిల్ల నన్ను అడిగింది.

మరునాడే ఎంపిక. ముగ్గురికే అవకాశం. వారికి హైదరాబాదులో క్రీడా పాఠశాల సీటు, రెండేళ్ల చదువు, భోజనం. మిగిలినవారికి పదో తరగతితో హాస్టల్ ముగుస్తుంది. చర్ల అవతలి ఊరి నుంచి వచ్చిన ఒక పిల్లకు ఆ సీటు దక్కకపోతే వచ్చే ఏడు మిరప కోతకు కూలికి పోవడమే. అది నాకూ తెలుసు, కోచ్‌కూ తెలుసు. వాళ్ల ఊరికి వెళ్లి తండ్రిని ఒప్పించి ఆమెను చేర్పించినవాడు కోచే.

ఆ పిల్లలతో ఒక చిక్కు ఉండేది. అడవిలో బాణం విలువైన వస్తువు. వేసిన వెంటనే పరుగెత్తి దాన్ని పీక్కోవాలి, లేకుంటే పోతుంది. చిన్నప్పటి నుంచి చూసిన పద్ధతి అది. ఇక్కడి నియమం వేరు. బోర్డు మీద గుచ్చుకున్న బాణాన్ని నేను చూసి అంకె వేసేదాకా ఎవరూ ముట్టరాదు. ఎన్నిసార్లు చెప్పినా ఒకరిద్దరి చేతులు ఆగేవి కావు.

ఆఖరి వరుస బాణాలు పడ్డాయి. నేను బోర్డుల దగ్గరికి నడిచి, చర్ల పిల్ల చివరి బాణం చూశాను. తొమ్మిదిని, పదిని వేరుచేసే గీతను తాకి ఉంది. గీతను తాకితే పై అంకె ఇవ్వాలి. పది వేశాను. మొత్తం లెక్కించాను. ఆమె మూడో స్థానంలో ఉంది. కోచ్ నా భుజం మీదుగా తొంగిచూసి గట్టిగా ఊపిరి వదిలాడు.

అప్పుడు ఆ పిల్ల నా పక్కకు వచ్చింది.

"సార్, అది తొమ్మిది. మీరు రాకముందు చెయ్యి వేసిన. పీకబోయి యాదికొచ్చి ఆగిన. అప్పటికే జర వంగింది. ముట్టకముందు గీతకు బయటనే ఉండె."

నిర్ఘాంతపోయాను. కళ్ల ముందు బాణం గీతను తాకే ఉంది. నేను చూసింది నిజం, నేను వేసిన అంకె అబద్ధం. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన నాకు ఆ రెండూ ఒక్కచోట ఇమడగలవని ఎన్నడూ తోచలేదు.

అంతకంటే విస్మయం కలిగించినవాడు కోచ్. అతని ముఖం నల్లబడింది. "నిన్నెవరన్న అడిగిన్రానే? సార్ చూసిండు, వేసిండు, అయిపోయింది. నోరు మూసుకొని పో" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, ఆ అంకెను అట్లాగే ఉంచమని బతిమాలాడు. ఆ సినిమాను మూడుసార్లు చూసిన మనిషి అతను. అతన్ని తప్పుపట్టలేకపోయాను. ఆ పిల్ల తండ్రికి మాట ఇచ్చినవాడు అతనే.

నేను పిల్లనే అడిగాను, రాత్రి సినిమా చూసి ఇట్లా చెప్పావా అని. ఆమె తెల్లబోయి చూసింది. సినిమా ఏమీ అర్థం కాలేదట, సగంలో నిద్రపోయిందట. "మా నాయినోళ్లు వేటకు పోతే ఎవరి బాణం ముందు తగిలితే జంతువు వాళ్లదే సార్. తనది కాంది తనదన్నోన్ని మల్ల ఎవరూ ఎంట తీస్కపోరు" అంది.

పదిని కొట్టివేసి తొమ్మిది వేశాను. ఆమె నాలుగో స్థానానికి జారింది. కోచ్ వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డాను. నేను బోర్డు దగ్గరికి చేరేలోపు ఎవరి చెయ్యి ఏ బాణాన్ని తాకిందో నాకేం తెలుసు? అన్నాళ్లుగా నేను వేసిన ప్రతి అంకె, ఎవరో ఒక పిల్ల ముట్టుకోకుండా ఉండడం మీదనో, ముట్టుకుంటే చెప్పడం మీదనో నిలబడి ఉంది. నేను నమ్మనన్న మనుషుల మాట మీదే నా అంకెలు బతికాయి.

ఆ సినిమా చూడవచ్చునా అని ఇప్పుడెవరైనా అడిగితే, చూడమనే అంటాను. సాగదీత ఎక్కువే, దూరాలు చెప్పకపోవడం లోపమే. కాని నేను నమ్మశక్యం కాదన్న ఒక్క సన్నివేశం గురించి నాకు మాట్లాడే అర్హత పోయింది.

ఆ సాయంత్రం పిల్ల తన బాణాలు తుడిచి సంచిలో పెట్టుకుంటూ నన్ను ఒకటే అడిగింది.

"మిగిలిన పాయింట్లన్ని నావే గద సార్?"

కాగితం నా జేబులోనే ఉంది. తీసి చూడలేదు.

"నీవే" అన్నాను.