చింతపండుతో తోమిన జర్మన్ పతకం

షామ్‌బర్గ్‌లోని పాత వస్తువుల దుకాణానికి మనవడితో వెళ్ళినప్పుడు, అద్దం వెనుక నల్లటి జర్మన్ ఇనుప శిలువ పతకం చూడగానే నాకు ఒళ్ళు మండింది.

మా తాత మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సేనాధిపతిని పడగొట్టి అలాంటిదే తెచ్చాడు. సరే, కోతలు కోశాను. ఒక ఖైదీకి సిగరెట్లిచ్చి తీసుకున్నాడు.

ఒక పండక్కి నాయనమ్మ ఇత్తడి సామానుతోపాటు దాన్నీ చింతపండుతో తోమేసింది. నలుపంతా పోయి తళతళలాడింది.

"నాశనం చేశావు కదే, బుద్ధిలేనిదానా!" అంటూ తాత ఆమె మీదికి చెంబు విసిరాడు.

"మసి అనుకున్నాను. తోమమనడం తప్ప నాకెప్పుడైనా ఒక ముక్క చెప్పారా?" అందామె.

అప్పుడు నేను చిన్నవాణ్ణి. పతకం అంత మెరుస్తుంటే తిడతాడేమిటి, తాతకు పిచ్చెక్కిందనుకున్నాను.

"ఆ బ్లాక్ కోటింగే ఒరిజినల్ అట తాతా, పోతే వాల్యూ ఉండదట," అన్నాడు దుకాణంలో ఇదంతా విన్న నా మనవడు, ఐఫోన్‌లో చూసి.

తాత బాధ ఇప్పుడర్థమైంది. కోపం మాత్రం ఇంకా ఆయన మీదే. నాయనమ్మ నుదుటి మీద పడిన మచ్చ చివరిదాకా పోలేదు.