జీపు గొట్టంలో మట్టిగూడు

పొగ చూసి జీపు రోగం చెప్పేస్తానని మా ఆయనకు మహా గొప్ప. నల్ల పొగైతే డీజిల్ ఎక్కువ తాగుతోందని, నీలం పొగైతే ఆయిల్ కాలుతోందని అన్నం తింటూ కూడా నాకు పాఠాలు చెప్పేవాడు. కూరలో ఉప్పు పడలేదన్న సంగతి మాత్రం ఆయనకు ఎన్నడూ తెలిసేది కాదు. భద్రాచలం నుంచి చర్ల దాకా కిరాయికి బండి తోలేవాడు. ఇప్పపువ్వు మూటలు, చింతపండు గంపలు, సంతకు పోయే అడవి ఊళ్ల ఆడవాళ్లు, వాళ్ల సంకలో కోళ్లు, అందరూ అందులోనే. సాయంత్రం బండి ఇంటికొస్తే ఇల్లంతా ఇప్పపువ్వు వాసన వచ్చేది. ఆ వాసన కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ జీపే మాకు అన్నం. ఇంట్లో మేం ముగ్గురమే: ఆయన, నేను, మా అత్త. పెళ్లయిన నాటి నుంచి నాలుగో మనిషి కోసం ఎదురుచూపే. ఏ పెళ్లికి పోయినా చుట్టాలు నా కడుపు వైపు చూసి "ఏమన్నా విశేషమా?" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అత్త ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. అది ఆమె మంచితనమని నేను అనుకోలేదు, లోపల ఏదో పెట్టుకుందనే అనుమానపడేదాన్ని.

ఒక ఏడు వానలు ఎడతెగకుండా పడ్డాయి. గోదారి పొంగి దారులు మునిగాయి. జీపు ఇంటి పక్క రేకుల కొట్టంలో కదలకుండా ఉండిపోయింది. ఆ రోజుల్లో అత్త పొద్దున్నే కొట్టంలోకి పోయి, వంగి జీపు కిందికి చూసి వచ్చేది. కోడిగుడ్ల కోసమనుకున్నాను.

వానలు తగ్గాక ఆయన బండి తీశాడు. సగం దారి కూడా పోకముందే ఆయిల్ కొలిచే పుల్ల దానంతట అదే పైకి తన్నుకొచ్చి, ఇంజనంతా ఆయిల్ చిమ్మింది. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గుప్పుమని పొగ. భద్రాచలంలో మెకానిక్ చూసి, రింగులు అరిగిపోయాయి, ఇంజన్ దించాలి అన్నాడట. అంత తాహతు మాకెక్కడిది?

"ఖమ్మం తీస్కపోయి అమ్మేస్త. మిర్చి యార్డుల హమాలీ పనన్న దొరకదా" అని ఆయన గోడకు చేరగిలబడ్డాడు. అన్ని గొప్పలు చెప్పే మనిషి అలా కూర్చుంటే నాకు భయమేసింది.

తెల్లారి ఏమనుకున్నాడో, మళ్లీ ఇంజన్ తిప్పి, బండి వెనక్కి పోయి సైలెన్సర్ దగ్గర నిలబడి నన్ను పిలిచాడు.

"చూడు, రింగులు పోతే ఈడ నీలం పొగ రావాలె. ఏదీ? సాఫ్‌గ ఉంది. గడ్డెక్కెటప్పుడు జోరు గూడ తగ్గలే. లోపటి పొగ పోయే తొవ్వ ఏడనో మూసుకపోయింది. గందుకే ఆయిల్‌ను పైకి తంతుంది."

ఇంజన్ లోపల పుట్టే పొగ బయటికి పోవడానికి పక్క నుంచి కిందికి వేలాడే గొట్టం ఒకటి ఉంటుంది. బ్రీదర్ అంటారు. ఇంజన్ ఆపి, ఇనుప తీగ పట్టుకుని ఆయన బండి కిందికి దూరబోయాడు. అత్త పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"ముట్టకు బిడ్డా. అండ్ల కుమ్మరి పురుగు గూడు కట్టింది."

"నీకెట్ల ఎరుక?"

"వానల కాంచి చూస్తనే ఉన్న."

కుమ్మరి పురుగు మట్టి తెచ్చి ఇంట్లో గూడు కడితే ఆ ఇంట్లో కడుపు పండుతుందని మా వైపు నమ్మకం. అది తనంతట ఎగిరిపోయేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరు. ఇల్లంతా వదిలేసి ఆ మహాతల్లి మా జీపు గొట్టమే వెతుక్కుంది. వంగి చూస్తే, గొట్టం అంచున అత్త పెట్టిన పసుపు బొట్టు.

"బండి అమ్ముకునేదాక వచ్చింది. చెప్పొద్దా అమ్మా?"

"పోతే బండి పోతది, మళ్ల కొంటవ్. దాని కడుపు పండొద్దా?" అని అత్త నన్ను చూపించింది.

ఆయన తల్లి మాట కాదనలేడు, నా ముఖం చూడలేడు. నాకు కోపం పొంగుకొచ్చింది, ఎవరి మీదో నాకే తెలియదు. ఆయన చేతిలోని తీగ లాక్కుని, కొంగు నడుముకు దోపి, నేనే జీపు కిందికి దూరాను. మట్టి రాయిలా గట్టిపడింది. పొడిచాను. పెళ్లలు పెళ్లలుగా ముఖం మీద రాలింది. పొడుస్తూనే ఏడ్చాను. నేను బయటికొచ్చేసరికి అత్త ఇంట్లోకి వెళ్లిపోయింది.

మళ్లీ ఇంజన్ తిప్పితే ఆయిల్ పుల్ల కదల్లేదు. మధ్యాహ్నానికి బండి చర్ల దారి పట్టింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మాకు అన్నం పెట్టింది.

పిల్లలు పుట్టలేదు. గూడు సంగతి అత్త ఇంట్లో మళ్లీ ఎత్తలేదు. చాన్నాళ్లకు ఎర్రుపాలెంలో ఒక పెళ్లికి పోతే, భోజనాల దగ్గర ఆడవాళ్లు మామూలుగానే నా కడుపు మీద పడ్డారు. నేను తలొంచుకుని విస్తరాకు చూస్తూ కూర్చున్నాను. పక్కన అత్త చేతిలోని ముద్ద దించింది.

"దాన్నేమడుగుతరు, నన్నడుగుండ్రి. కుమ్మరి పురుగు గూడు కడితే, బండి నడవాలని నేనే పొడిచి తీసిన, ఈ చేత్తోనే. పాపం నాది."

ఎంగిలి చేతిని అందరి ముందూ చాపి చూపించింది. ఆ తర్వాత మా చుట్టాల్లో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. ఆమెనే అనేవాళ్లు. పోయేదాకా పడింది.