ముత్యం బెజ్జం కనిపించే కన్ను

నా చిన్నప్పుడు మొఘల్‌పురాలో మా గల్లీవాళ్ళు ఆకలికైనా ఓర్చుకునేవారు గానీ, పెట్టిన సలాంకు జవాబు రాకపోతే మాత్రం ఓర్చుకునేవారు కాదు. హిందువులైనా ముసల్మానులైనా అందరిదీ అదే పద్ధతి. అలాంటి గల్లీలో మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ఉన్నట్టుండి ఎవరి సలాంనూ పట్టించుకోవడం మానేశాడు.

ఆయన ఒక సేటు దుకాణంలో ముత్యాల దండలు గుచ్చేవాడు. ఆవగింజంత ముత్యాన్ని కూడా వెలుతురుకు పట్టి, బెజ్జం చూసి, పట్టుదారం ఇట్టే ఎక్కించేవాడు. అలాంటి మనిషికి పక్కన నిలబడ్డవాళ్ళు కనబడడం లేదంటే ఎవరైనా నమ్ముతారా? కండ్లు నెత్తికెక్కినయ్ అన్నారు. మా బాపు కూడా ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "ముత్యం బెజ్జం కానొస్తది గానీ మనిషి కానరాడా అన్నా?" పెద్దబాపు తల వంచుకుని అన్నం తిన్నాడు.

ఇంతలో పక్కింటి చాచా వాళ్ళ అమ్మ చనిపోయింది. చాచా, పెద్దబాపు చిన్నప్పటి నుంచి స్నేహితులు. మధ్యాహ్నం సద్దితోపాటు ఆ కబురు కూడా దుకాణానికి మోసుకెళ్ళింది నేనే. పెద్దబాపు పని వదిలేసి, కళ్ళు తుడుచుకుంటూ నాతోపాటు గబగబా బయలుదేరాడు. మేము వచ్చేసరికి ఖననం అయిపోయింది. చాచా గల్లీ మలుపులో గోడ పక్కన నిలబడి, వచ్చినవాళ్ళను సాగనంపుతున్నాడు. పెద్దబాపును చూసి మాట రాక చేయి ఎత్తాడు. పెద్దబాపు ఆయన భుజాన్ని రాసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు.

అందరూ చూశారు. ఎవరో థూ అన్నారు. నేనప్పుడు మహా రోషగత్తెను. ఈయన మా మనిషి కాదన్నట్టు, ఆయన్ని అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. కొంతసేపటికి ఆయన గోడ తడుముకుంటూ వచ్చి తన గదిలోకి వెళ్ళిపోయాడు. చాచా ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం పెద్దబాపు మా ఇంటి వరండాలో చెక్క తఖ్తు మీద కూర్చుని, సేటు ఇంటికి ఇచ్చిన ముత్యాలు గుచ్చుతున్నాడు. ఎదురుగా నేను ముత్యాలు ఏరి ఇస్తున్నాను. పక్క తలుపు నుంచి చాచా వచ్చాడు. చెప్పులు బయట విడిచి, వచ్చి తఖ్తు అంచున కూర్చున్నాడు. తన తప్పేంటని నిలదీయడానికే వచ్చినట్టున్నాడు. పెద్దబాపు తల తిప్పలేదు. నేను నోరు తెరవబోతే, ఎంతసేపు పట్టించుకోడో చూద్దామన్నట్టు చాచా పెదవులపై వేలు పెట్టి వద్దన్నాడు. అదే సమయానికి పెద్దబాపు ముత్యం మీద నుంచి చూపు తీయకుండానే నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

"చాచాకు ఏ మొఖం చూపియ్యాలె బిడ్డా? భుజం తాకినంకనే మనిషి ఆడ ఉన్నడని ఎరుకైంది. పక్కలంత చీకటి నాకు. మధ్యలనే కానొస్తది. ఈ సంగతి సేటుకు తెలిస్తే ముత్యాలు చేతికిస్తడా? గందుకే, పొగరుబోతంటే అననీ అని ఊకున్న."

చాచా అంత దగ్గరగా కూర్చుని ఇదంతా విన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చప్పుడు చేయకుండా లేచి బయటికి వెళ్ళి, వీధి వాకిలి నుంచి గట్టిగా దగ్గుతూ మళ్ళీ వచ్చాడు. సరిగ్గా పెద్దబాపు ముక్కుకు ఎదురుగా నిలబడి సలాం పెట్టాడు. అప్పుడే వచ్చినట్టుగా మాటలు కలిపాడు.

"నా కండ్లు జర చూపించుకోవాలె భాయ్. ఒక్కనికి డర్ అయితుంది. తోడు రా."

అఫ్జల్‌గంజ్ దవాఖానకు నన్ను కూడా తీసుకెళ్ళారు. డాక్టరు ఇద్దరినీ కళ్ళు మూసుకోమని, రెప్పల మీద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూశాడు. చాచా కన్ను మెత్తగా ఉంది. పెద్దబాపు కన్ను పచ్చి జామకాయలా గట్టిగా ఉందన్నాడు. నీటికాసుల జబ్బట, ఉర్దూలో దీన్ని కాలా మోతియా అంటారట. కంట్లో ఎప్పుడూ ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే, ఆ ఒత్తిడి కంటి వెనక నరం మీద పడుతుందట. ఆ నరం సన్నని పోగుల కట్ట. పోగులు కొన్ని కొన్నిగా చచ్చిపోతూ ఉంటే చూపు పక్కల నుంచి మూసుకువస్తుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. నొప్పి ఉండదు గనక మనిషికి చాలాకాలం తెలియనే తెలియదు. ముందు పక్క పోగులే ఎందుకు చస్తాయో పెద్ద పెద్ద వైద్యులు ఇంకా వెతుకుతున్నారని కూడా అన్నాడు. పోయిన చూపు రాదు, చుక్కల మందు వేస్తే మిగిలింది కొన్నాళ్ళు నిలవచ్చు అని సీసా చేతిలో పెట్టాడు.

నేను నా రెప్ప మీద వేలు పెట్టి నొక్కి చూసుకున్నాను. మెత్తగా ఉంది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. గల్లీలో నా రెండు కళ్ళూ చక్కగా కనిపిస్తుండగానే, చీకట్లో ఉన్న మనిషిని వదిలేసి పరుగెత్తాను కదా.

తిరిగి వచ్చేటప్పుడు మూసీ వంతెన మీద పెద్దబాపు ఆగి, ఆ దినం మాఫ్ చెయ్ భాయ్ అన్నాడు. ఏ దినం, నాకైతే యాద్ లేదు అన్నాడు చాచా. ఆ అబద్ధం ఎంత గొప్పదో నాకు ఆ వయసులోనే అర్థమైంది. తఖ్తు అంచున ఆయన కూర్చున్న సంగతి నేనెవరికీ చెప్పలేదు.

చాచా కొంచెం ముందుకు నడిచాక పెద్దబాపు నా వైపు ఒళ్ళంతా తిప్పి, నా మొహం వెతుక్కుని అడిగాడు. "గల్లీల నా వెంబడి నడువనీకె నీకింకా సిగ్గేనా బిడ్డా?"

లేదు పెద్దబాపూ అని ఒక్క మాట అనాల్సింది. ఏడుపొచ్చి తల దించుకున్నాను. దాన్ని ఆయన ఏమనుకున్నాడో తెలియదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ పక్కనే నడిచాను, కానీ ఆ మాట మాత్రం అనలేదు, ఆయన మళ్ళీ అడగలేదు. ఇప్పటికీ ఎవరికో పొగరెక్కిందని నలుగురూ చెప్పుకుంటుంటే నేనూ ఒక మాట కలపబోతాను. అంతలో ఆయన ప్రశ్న చెవిన పడుతుంది. నోరు మూసుకుంటాను.