పాస్‌వర్డ్‌లో చేప

ఇదొక మహాయుద్ధ గాథ. ఒకవైపు ప్రభుత్వ బడి, మరోవైపు ఇంటర్నెట్, నడుమ ఒంటరి వీరుడిగా నేను. నిజానికి యుద్ధమేమీ జరగలేదు. ఒక వీడియో తెరుచుకోలేదు, అంతే.

అప్పట్లో గజపతినగరం దగ్గర ఒక హైస్కూల్లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ నేర్పేవాణ్ణి. పిల్లలకు కాదు, ఎక్కువగా టీచర్లకే. బడి నెట్‌లో పాఠాల సైట్లు తప్ప ఏవీ రావు. వాటికీ హెడ్మాస్టారు పెట్టిన పాస్‌వర్డ్ కావాలి. దాన్ని ఎక్కడా రాయకూడదు, పిల్లలకు తెలియనివ్వకూడదు. అందుకని ఆయన టీచర్లకు చెవిలో చెప్పేవారు, మంత్రోపదేశంలాగ.

సైన్సు మేడం రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. మౌస్ అంటే నిజం ఎలకను చూసినంత భయం. అయినా రోజూ నా పక్కన కూర్చుని నేర్చుకున్నారు. కొట్టుకునే గుండెను తెరమీద తానే చూపిస్తానని పిల్లలకు మాటిచ్చారు.

"ఇయ్యాల అవ్వకపోతే మరి దీన్ని ముట్టుకోను బాబూ" అని నాతో ముందే అన్నారు.

తరగతిలో పిల్లల ముందు పాస్‌వర్డ్ కొట్టారు. తప్పంది కంప్యూటర్. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పే. ఇంకోసారి తప్పితే ఆ రోజుకి తాళం పడిపోతుంది.

"ఏటి బాబూ, సెప్పిందే కొడతన్నాను కదా!"

నేను జేబులోంచి ఫోన్ తీశాను. "నా నెట్ కలిపేస్తానండి."

"ఒద్దు. రూలు ఒప్పదు. ఎవులైనా సూస్తే నీ ఉజ్జోగం పోతాది. నా పాఠం పోతే పోనీ."

దాన్ని ఉద్యోగమని మా ఇంట్లోవాళ్లు కూడా ఎప్పుడూ అనలేదు. ఫోన్ లోపల పెట్టేసి, వెళ్లి హెడ్మాస్టారిని పిలుచుకొచ్చాను.

"సేప అని సెప్పాను కదా మేడం!" అన్నారాయన గుమ్మంలోంచే, గట్టిగా.

"సేపే కొట్టాను మాస్టారూ! ఎస్, ఈ, పి, ఏ!"

"ఎస్సేటి? సేపకి సి, హెచ్ కదా!"

మా వైపు చేప రాతలోనే చేప, నోట్లో సేప. ఆ సంగతి కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు.

మేడం ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టారు. తెరమీద గుండె కొట్టుకుంది. పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఆవిడ నావైపు చెయ్యి చూపి, "నాకు నేర్పిన మాస్టారు" అన్నారు. నన్ను మాస్టారన్న మొదటి మనిషి ఆవిడే. ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూశాను. దుమ్ము పట్టి ఉంది.

పాస్‌వర్డ్ తరగతంతా విన్నది కాబట్టి, రూలు ప్రకారం ఆ మధ్యాహ్నమే మార్చాల్సి వచ్చింది. కొత్తదానికి కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలట. హెడ్మాస్టారు బాగా ఆలోచించి, మా చెవుల్లో "సందమామ" అన్నారు.